వెయిట్‌లిస్టులో అక్క

జూన్ 3

ముప్పై ఒకటో ఏట మళ్ళీ బడికి వెళ్ళాను. బడి అంటే కళ్ళజోళ్ళ షాపు పైన ఒక గది. మెట్లెక్కుతుంటే కింద షాపు అద్దాల్లో పది చోట్ల నేనే కనిపించాను. పది చోట్లా బెదురుగానే ఉన్నాను.

ఎనిమిదేళ్ళు స్కూల్ ఆఫీసులో క్లర్కుగా చేశాను. స్కూల్ మూతపడ్డాక నాలుగు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఈ ట్రావెల్ ఆఫీసు మేడం మూడు నెలలు ట్రైనింగ్ ఇచ్చి, పనికొస్తే ఉంచుకుంటానన్నారు. పనికిరాకపోతే ఏమిటని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆఫీసులో నాతో కలిపి నలుగురం. మేడం ఫోన్లో మాట్లాడితే తేనె కారుతుంది, ఫోన్ పెట్టేయగానే మొహం మారిపోతుంది. వీసా కాగితాలు చూసే అతన్ని అందరూ స్టాంపు అంటారు, అతనికీ ఆ పేరే ఇష్టం. నాకు పని నేర్పేది సారు. ఎయిర్‌లైన్‌లో చేసి రిటైర్ అయ్యారు. మెడ దాకా గుండీలు పెట్టుకుంటారు, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడతారు.

జూన్ 5

సిటీ కోడ్‌లు, ఒక్కొక్కటి మూడక్షరాలు. ఇవాళ అరవై నేర్చుకున్నాను. ఇంట్లో వల్లె వేస్తుంటే అమ్మ నా నుదురు పట్టుకుని చూసింది.

జూన్ 11

సారు ఇవాళ పేర్లు ఎక్కించడం నేర్పారు. ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు. ప్రాక్టీసుకి ఎప్పుడూ లేని మనుషుల పేర్లే వేయాలన్నారు. మన వాళ్ళ పేర్లు అస్సలు వేయకూడదట, ఉన్నవాళ్ళవీ, లేనివాళ్ళవీ. ఎందుకని అడిగాను. పేరు ఎక్కించాక సీటు ఆ మనిషి కోసం చూస్తుంది అన్నారు.

నవ్వాను. ఆయన నవ్వలేదు. నా నవ్వు మధ్యలో దిక్కులేనిదై ఆగిపోయింది.

జూన్ 12, మధ్యాహ్నం 3

చేయకూడని పని చేశాను.

ఇవాళ్టి పాఠం వెయిట్‌లిస్ట్. సీట్లన్నీ నిండిన ఫ్లైట్ ఒకటి వెతికి, అందులో ఒక ప్యాసింజర్‌ని వెయిట్‌లిస్టులో పెట్టాలి. సారు టీకి వెళ్ళారు. కోడ్‌ల పుస్తకంలో ఆఖరి పేజీలో ఆఖరి ఊరు తీసుకున్నాను. ఆ ఊరెక్కడుందో కూడా నాకు తెలియదు. అక్కడి నుంచి మా ఊరికి, సెప్టెంబర్ 14, ఒకే ఫ్లైట్, ఫుల్. ప్యాసింజర్ పేరు అన్న చోట కర్సర్ మిణుకుమంటోంది. నా వేళ్ళు అక్క పేరు కొట్టేశాయి.

అక్క పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు నాకు కంఠతా వచ్చు. ఆ ఫారం నింపింది నేనే. అక్క ఇల్లు వదిలిన రెండు వారాలకి పాస్‌పోర్ట్ పోస్టులో వచ్చింది. తొమ్మిదేళ్ళుగా బీరువాలో ఉంది. ఒక్కసారి కూడా వాడలేదు.

వెయిట్‌లిస్ట్ నంబర్ 41 అని వచ్చింది. రావడానికి మాత్రమే వేశాను. తిరిగి వెళ్ళడానికి వేయలేదు.

జూన్ 13

నిన్న నేను ప్రాక్టీస్ సిస్టమ్‌లో లేను. సైన్-ఇన్‌లో ఒక్క అంకె తేడా, అసలు సిస్టమ్‌లోకి వెళ్ళిపోయాను. లేని ప్రయాణికులకి బుకింగ్ చేస్తే ఎయిర్‌లైన్ వాళ్ళు మా ఆఫీసు మీద పడతారు, ఆఫీసు నా మీద పడుతుంది. ఉద్యోగం మొదలవకముందే ఊడుతుంది. ఎవరూ చూడకుండా క్యాన్సిల్ చేశాను. క్యాన్సిల్డ్ అని వచ్చింది. రెండుసార్లు చూసుకున్నాను.

జూన్ 20

ఎయిర్‌లైన్ల నుంచి వచ్చే మెసేజ్‌లన్నీ క్యూలో పడతాయి. పొద్దున రాగానే క్యూ చూడటం ఇక నా పని. మొదటి మెసేజే అక్క పేరు మీద. వెయిట్‌లిస్ట్ 27.

మళ్ళీ క్యాన్సిల్ చేశాను. 

జూన్ 21

26.

జూలై 2

క్యాన్సిల్ చేసిన ప్రతిసారీ నంబరు ముందుకు జరుగుతోంది. అందుకని చేయడం మానేశాను. మానేసినా జరుగుతోంది.

బుకింగ్‌కి హిస్టరీ ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఏం మార్చారో అంతా ఉంటుంది. తెరిచి చూశాను. నేను పెట్టింది, నేను తీసేసింది. తర్వాత ఎవరో తిరిగి పెట్టారు. పెట్టినవాళ్ళ సైన్, అంటే ఆఫీసు ఇచ్చే కోడ్, ఉండాల్సిన చోట ఖాళీ. కింద కొత్త లైను, విండో సీటు కావాలని.

బస్సెక్కితే కిటికీ పక్క సీటు కోసం అక్క నన్ను గిల్లేది. ఈ విషయం ఏ కంప్యూటర్‌కి తెలుసు?

జూలై 19

నా మొదటి నిజమైన కస్టమర్లు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఆయనకి అందరికీ వరసగా ముందు సీట్లు కావాలి. ఆవిడకి అత్తగారు వేరే వరసలో కావాలి. ఆయన పక్కకి తిరిగినప్పుడు ఆవిడ నాకు కళ్ళతో చెప్పింది. అత్తగారిని ఆరు వరసలు వెనక్కి పంపాను, సిస్టమ్‌లో అంతే ఉందని చెప్పాను. ఆవిడ వెళ్తూ నా చెయ్యి నొక్కింది. మధ్యలో ఫ్లైట్ మారడానికి మాత్రం నలభై నిమిషాలే ఇచ్చానని తర్వాత మేడం దులిపేశారు. ముసలావిడని పరిగెత్తిస్తావా అన్నారు. మళ్ళీ మార్చి ఇచ్చాను.

అయినా సంతోషంగానే ఉంది. నాకు ఈ పని వస్తోంది.

అక్క 14.

ఆగస్టు 8

ఇది ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇవాళ రాస్తాను.

తొమ్మిదేళ్ళ క్రితం ఏప్రిల్ 9. అక్కకి విదేశంలో పని దొరికింది. అమ్మ బాధ్యత అంతా నా నెత్తిన పడుతుందని నేను నానా మాటలూ అన్నాను. వెళ్తే మళ్ళీ ఈ గడప తొక్కకన్నాను. పాస్‌పోర్ట్ ఇంకా రాకముందే అక్క బ్యాగు సర్దుకుని పొద్దున్నే వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చింది. అమ్మ బజారుకి వెళ్ళింది, ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపు కొట్టింది. నా పేరు పెట్టి పిలిచింది. నేను టీవీ సౌండ్ పెంచాను.

పది నిమిషాలు కొట్టింది. తర్వాత కొట్టలేదు. నేను తీసేసరికి గుమ్మం ముందు ఎవరూ లేరు. తర్వాత పోలీసులు, స్నేహితురాళ్ళు, ఆస్పత్రులు, పేపర్లో ఫోటో, అన్నీ అయ్యాయి. అక్క ఉందో లేదో తెలియదు. అక్క తిరిగొచ్చిందని అమ్మకి ఇప్పటికీ తెలియదు.

అక్క 9.

ఆగస్టు 21

సారుకి చూపించాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. నాకు మతి పోలేదని ఎవరో ఒకరు చెప్పాలి.

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆయనకీ కనిపించింది. ఎవరని అడిగారు, అక్క అన్నాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. తన కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళి ఒక బుకింగ్ తెరిచారు. ఒక ఆడమనిషి పేరు, ఆయన ఇంటిపేరే. వెయిట్‌లిస్ట్ 1. ప్రయాణం తేదీ లేదు, పెట్టి పన్నెండేళ్ళయింది.

ఆవిడ సారు భార్య. చనిపోయిన ఏడు, క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఆ పేరు కొట్టేశారట. అప్పట్నుంచి రోజూ పొద్దున ముందు అదే చూస్తారట.

ఒకటో నంబరుకి వచ్చాక కన్‌ఫర్మ్ ఎందుకు కాలేదని అడిగాను. ఆయన ఆ బుకింగ్ మూసేశారు. క్లాసు అయిపోయిందన్నారు.

ఆగస్టు 30

1.

సెప్టెంబర్ 2

ట్రైనింగ్ గట్టెక్కాను. మేడం నాకు సొంత టేబుల్ ఇచ్చారు, విజిటింగ్ కార్డులు కొట్టించారు. ఇంటికి తెస్తే అమ్మ ఒక కార్డు తన పర్సులో పెట్టుకుంది. మీ అక్క చూస్తే సంతోషించేది అంది. తర్వాత ఇద్దరం అన్నం తిన్నాం.

ఆఫీసులో అక్క నంబరు ఇవాళా 1.

సెప్టెంబర్ 6

ఇంకా 1. ఎనిమిది రోజులే ఉంది. సారుని ఊపిరాడనివ్వలేదు. ఎందుకు కదలడం లేదో చెప్పేదాకా ఆయన కుర్చీ దగ్గర నుంచి కదలనన్నాను.

చివరికి చెప్పారు. వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్ళకి సీటు ఊరికే రాదు, ఎవరో ఒకరు వదులుకోవాలి. మామూలు ఫ్లైట్‌లో ఎవరు వదులుకున్నా చాలు. ఇలాంటి వాటిలో అలా కాదట, ఒక మనిషి ముందు ఒకే మనిషి ఉంటారట. అది ఎవరో చూసే కమాండ్ ఏ పుస్తకంలోనూ లేదు. కాగితం ముక్క మీద రాసి నా ముందుకి తోశారు. చూడకపోతే మంచిదన్నారు.

చూశాను.

అదే ఫ్లైట్, అదే ఊరి నుంచి, కిటికీ పక్క సీటు. కన్‌ఫర్మ్‌డ్. నా పేరు. బుకింగ్ చేసిన తేదీ తొమ్మిదేళ్ళ క్రితం ఏప్రిల్ 9, సాయంత్రం ఏడూ పది. చేసింది నా సైన్‌తోనే. ఆ సైన్ నాకు ఇచ్చింది ఈ జూన్‌లో.

సారు భార్య ముందు ఎవరున్నారో నేను అడగక్కర్లేకపోయింది. ఆయనే చెప్పారు.

"నా సీటు వదిలితే ఆవిడ వస్తుందమ్మా. పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున క్యాన్సిల్ బటన్ మీద వేలు పెడతాను. నొక్కలేను."

సెప్టెంబర్ 9

వదిలితే నేను ఏమవుతాను? సారుకి తెలియదు. నొక్కినవాళ్ళెవరూ వచ్చి చెప్పలేదట.

నాకు భయంగా ఉంది. మామూలు భయమే. ఇప్పుడిప్పుడే నా పేరుతో ఒక కార్డు వచ్చింది.

సెప్టెంబర్ 11

బీరువాలోంచి అక్క పాస్‌పోర్ట్ తీశాను. ఫోటో పేజీ తర్వాత పేజీలు ఎప్పటిలా ఖాళీ. ఏడో పేజీలో ఒక ముద్ర ఉంది.

ఆఫీసుకి తీసుకెళ్ళి, ఎవరో కస్టమర్‌దని చెప్పి స్టాంపుకి చూపించాను. అతను వెలుతురులో పెట్టి, వాసన చూసి, అసలు ముద్రే అన్నాడు. మన ఎయిర్‌పోర్ట్‌లో దిగినప్పుడు వేసేదట. తేదీ మాత్రం తప్పు పడిందన్నాడు. సెప్టెంబర్ 14 అని ఉంది, ఇంకా మూడు రోజులుంది కదా అన్నాడు. బొటనవేలు చూసుకుని, ప్యాంటుకి తుడుచుకున్నాడు. సిరా ఇంకా ఆరలేదు.

సెప్టెంబర్ 12

అమ్మకి చెప్పేశాను. బటన్ సంగతి కాదు, తలుపు సంగతి. బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. అక్క ఆ సాయంత్రం వచ్చింది, పిలిచింది, నేను తీయలేదు అన్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

అమ్మ మడత ఆపలేదు.

"నాకు తెలుసే. సంచీతో వీధి చివర నిలబడి అంతా చూశాను. అది నా పక్క నుంచే వెళ్ళింది. నేనూ పిలవలేదు, నీ మీద వదిలేశాను."

ఎందుకు పిలవలేదని అడిగాను. కోపం అంది. మర్నాడు వస్తుందిలే అనుకుందట. తొమ్మిదేళ్ళు తను నాకు చెప్పలేక, నేను తనకి చెప్పలేక, ఒకే కంచం ముందు ఇద్దరం ఎలా కూర్చున్నామో నాకు తెలియడం లేదు. ఇద్దరం ఏడ్చాం. ఏడుస్తూనే అమ్మ దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది, మడత పూర్తి చేశాం.

అది ఒక్కసారి వస్తే చాలు, కాళ్ళు పట్టుకుంటాను అంది అమ్మ. తల్లి ఆ మాట అనకూడదనిపించింది నాకు. పట్టుకోవాల్సింది నేను.

సెప్టెంబర్ 14, ఉదయం 9:50

నొక్కాను.

నా పేరు పోయింది. ఒక్క క్షణం స్క్రీన్ నల్లగా ఉంది. తర్వాత అక్క పేరు, కిటికీ పక్క సీటు, కన్‌ఫర్మ్‌డ్. సాయంత్రం నాలుగూ ఇరవైకి దిగుతుంది.

ఇంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. చిన్నపిల్లలా కుర్చీలో ఒకసారి గిర్రున తిరిగాను.

11:30

నా సైన్-ఇన్ పనిచేయడం లేదు. మేడంని అడుగుదామని లేచాను. ఆవిడ తలెత్తి, ఫోన్లో వాడే తేనె గొంతుతో, ఏ ఊరికమ్మా టికెట్, కూర్చోండి అన్నారు. వేళాకోళం అనుకున్నాను. మేడం వేళాకోళం ఆడరు. స్టాంపు నాకు పాస్‌పోర్ట్ ఫోటోల సైజు చెప్పడం మొదలుపెట్టాడు. నా టేబుల్ మీద నా కార్డుల డబ్బా లేదు, బ్రోషర్లున్నాయి.

సారు ఒక్కరే లేచి నిలబడ్డారు. నన్ను గుర్తుపట్టారు, ఆయన కళ్ళే చెప్పాయి. మెట్ల దాకా వచ్చారు. రెండు చేతులూ జోడించారు. ఆయన చేత దండం పెట్టించుకునేంత దాన్ని కాదు నేను.

దిగుతుంటే కళ్ళజోళ్ళ షాపు వైపు చూడలేదు. చూస్తే అద్దాల్లో ఎన్ని చోట్ల ఉన్నానో లెక్కపెట్టాల్సి వస్తుంది.

2:15

మా ఇంట్లో, మా టేబుల్ దగ్గర కూర్చుని రాస్తున్నాను. అమ్మ అనుమతి తీసుకుని కూర్చున్నాను.

గేటు దగ్గర నన్ను చూసి, ఎవరు కావాలమ్మా అంది. ఆ మాటకి సిద్ధపడే వచ్చాను. అమ్మా అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. ట్రావెల్ ఆఫీసు నుంచి వచ్చానన్నాను. మీ అమ్మాయి ఇవాళ నాలుగూ ఇరవైకి దిగుతోంది, చెప్పి వెళ్దామని వచ్చానన్నాను.

అమ్మ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిజమేనా అని నాలుగుసార్లు అడిగింది. నిజమేనండీ, కన్‌ఫర్మ్ అయింది, నేనే చేశాను అన్నాను. లోపలికి పిలిచి కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. కంగారులో సగం నా మీదే ఒలికాయి. క్షమించమ్మా అంది నన్ను. ఏం ఫర్లేదండీ అన్నాను.

ఫారం ఒకటి రాసుకోవాలి, ఇక్కడ కూర్చోవచ్చా అన్నాను. కూర్చో తల్లీ అంది. ఇప్పుడు లోపల బీరువా వెతుకుతోంది, ఏ చీర కట్టుకోవాలో తెలియక నన్నే అడుగుతోంది. నీలంది అన్నాను. నీలంది ఉందని నీకెలా తెలుసని అమ్మ అడగలేదు. కట్టుకుని వచ్చి బాగుందా అంది.

చాలా బాగుందండీ అన్నాను.

తొమ్మిదేళ్ళలో అమ్మ మొహం ఇలా ఉండగా చూడలేదు. నాకు ఏడుపు వస్తోంది, కానీ చేసిన పనికి కాదు. ఇంకో గంట ఉండాలనుంది. ఉండకూడదు. ఎయిర్‌పోర్ట్‌కి ఆటో మాట్లాడి పెట్టాను, ఏ గేటు దగ్గర నిలబడాలో కాగితం మీద రాసిచ్చాను. ఆటో వచ్చింది. అమ్మని ఎక్కించి, నేను నడిచి వెళ్తాను. ఈ పుస్తకం ఇక్కడే వదిలేస్తున్నాను.

సెప్టెంబర్ 15

ఈ పుస్తకం టేబుల్ మీద దొరికింది. ట్రావెల్ ఆఫీసమ్మాయి మర్చిపోయిందని అమ్మ అంది. మొత్తం చదివాను.

నాకు నువ్వొక్కదానివే కదే అంటోంది అమ్మ. అమ్మకి చెల్లి గుర్తులేదు. నాకు ఉంది.

రేపు ఆ ఆఫీసుకి వెళ్తాను. ట్రైనింగ్ ఎన్నాళ్ళో అడుగుతాను.